వేలం పాటా, రెండో దారీ
(సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

  బందరు నుంచి, గుడివాడ నుంచి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరుల నుంచి, హైదరాబాదు నుంచి, సముద్రాలు దాటి కూడా వచ్చారు. ఈ ఎండలో ఇంతమందిని ఒకచోట కూర్చోబెట్టగలిగిన మన కార్యవర్గానికి ముందుగా అభినందనలు.

నన్ను ఆటల గురించి మాట్లాడమన్నారు. నా క్లాసువాళ్లు ఇప్పటికే నవ్వుతున్నారు. డ్రిల్లు పీరియడులో నేను ఏ చెట్టు కింద ఉండేవాణ్ణో వాళ్లకు తెలుసు. నేను ఆటగాణ్ణి కాను, లెక్కలవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా ఆడిటరుగా ఊళ్లోవాళ్ల పద్దులు చూస్తున్నాను. అందుకని ఆటలో నాకు తెలిసిన భాగం గురించే చెబుతాను. ఆటగాళ్లను కొనే డబ్బు గురించి, ఆ డబ్బుకు పెట్టిన హద్దు గురించి, ఆ హద్దులో మన పిల్లల భవిష్యత్తు ఎక్కడ ఇరుక్కుంటుందో దాని గురించి.

మన బందరు మూలాలున్న కుటుంబంలో, నాగపూర్‌లో పుట్టిన సి.కె. నాయుడు 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టు మ్యాచికి కెప్టెన్. ఆయన కాలంలో ఆటగాడికి వేలం లేదు. ఇండోరు హోల్కర్ మహారాజు పిలిచి సైన్యంలో హోదా ఇచ్చి పోషించాడు. ఇవాళ రాజుల చోట్లో ఫ్రాంచైజీలు వచ్చాయి. రాజు దయ పోయి పాట వచ్చింది.

పాట మనకు కొత్తదా?

డెల్టాలో పుట్టినవాడికి వేలం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మనం దాన్ని ‘పాట’ అంటాం. పాడుకున్నాడు అంటాం. పంచాయతీ చెరువు పాడుకుంటాం. గిలకలదిండి రేవులో పడవ దిగగానే చేపలు పాటకు పెడతాం. వినాయకుడి లడ్డూ పాడుకుంటాం. ఇక చీటీ పాట సంగతి ఇక్కడున్న ఆడవాళ్లకు నాకంటే బాగా తెలుసు.

చీటీ పాటలో ఎక్కువ తగ్గించి పాడేది ఎవరు? తెలివి తక్కువవాడు కాదు. అవసరం ఎక్కువున్నవాడు. పిల్ల పెళ్లి రేపు ఉంది, కాలేజీ ఫీజుకు గడువు ఇవాళ ఉంది, అలాంటివాడు లక్ష చీటీని డెబ్బై అయిదు వేలకైనా పాడుకుంటాడు. ఆగగలిగినవాడు చివరి నెల దాకా ఆగి నిండు డబ్బు తీసుకుంటాడు. చీటీ ఒకటే, నెలనెలా కట్టిన డబ్బూ ఒకటే. తేడా ఆగగలగడంలో ఉంది.

వడ్లలోనూ అంతే. కళ్లంలోనే అమ్ముకోక తప్పనివాడికి, గాదెలో పోసి నాలుగు నెలలు ఆగగలిగినవాడికి ఒకే ధర రాదు. వడ్లు ఒకటే రకం, చేలు పక్కపక్కన, నీళ్లు ఒకే కాలవవి. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. ఆటగాళ్ల వేలానికి కూడా తాళంచెవి ఇదే అని నా అభిప్రాయం.

సంచికి కట్టిన తాడు

2008 ఫిబ్రవరి 20న ముంబైలో ఐపీఎల్ మొదటి వేలం జరిగింది. ఒక్కో జట్టు సంచిలో 50 లక్షల డాలర్లు. అంతకు మించి ఖర్చు పెట్టకూడదు. ధోనీని చెన్నై 15 లక్షల డాలర్లకు పాడుకుంది. మన హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు పాడుకుంది.

అప్పట్లో ‘ఐకాన్ ఆటగాడు’ అని ఒక పద్ధతి ఉండేది. సొంత ఊరి పెద్ద ఆటగాణ్ణి వేలం లేకుండా జట్టుకు ఇచ్చేవారు. కానీ జట్టులో అందరికంటే ఎక్కువ ధర పలికినవాడికన్నా అతనికి 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాదుకు ఆ హోదా వి.వి.ఎస్. లక్ష్మణ్‌ది. ఆయన అది వద్దన్నాడు. తనకు అంత ఇస్తే మంచి ఆటగాళ్లను కొనడానికి సంచిలో డబ్బు మిగలదని మామూలు ఆటగాడిలా వేలంలోకి వచ్చాడు. 3,75,000 డాలర్లకు వచ్చాడు. లెక్క వేసి చూడండి. ఐకానుగా ఉంటే సైమండ్స్ మీద 15 శాతం కలిపి ఆయనకు 15.5 లక్షలు పోయేవి. ఇద్దరికే 29 లక్షలు, అంటే సంచిలో సగానికి పైగా. మిగతా జట్టంతా మిగిలిన 21 లక్షల్లో సర్దుకోవాలి. ఆ ఏడాది జట్టు అట్టడుగున నిలిచింది, నిజమే. మరుసటి ఏడాది 2009లో కప్పు గెలిచింది.

సంచికి తాడు ఎందుకు కట్టారు? ఎక్కువ డబ్బున్న యజమాని మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోతే పోటీ ఉండదు, పోటీ లేకపోతే చూసేవాడు ఉండడు. అందుకని అందరికీ ఒకే కొలత. 2025 సీజన్‌కు ఆ కొలత 120 కోట్లు. జట్టుకు 18 మందికి తగ్గకూడదు, 25 మందికి మించకూడదు. విదేశీయులు 8 మంది దాటకూడదు. సంచిలో కనీసం 75 శాతం ఖర్చు చేసి తీరాలి.

మన సన్‌రైజర్స్ హైదరాబాద్ పద్దు చూద్దాం. ఇది నాకు ఇష్టమైన పద్దు. వేలానికి ముందే అయిదుగురిని అట్టేపెట్టుకున్నారు. క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు 14, ట్రావిస్ హెడ్‌కు 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. మొత్తం 75 కోట్లు. మిగిలింది 45 కోట్లు.

2024 నవంబరు 24, 25 తేదీల్లో సౌదీ అరేబియాలోని జెడ్డాలో వేలం జరిగింది. ఇషాన్ కిషన్‌కు 11.25 కోట్లు, షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8. ముగ్గురికే 29.25 కోట్లు అయిపోయాయి. మిగిలిన 15.75 కోట్లలో ఇంకో పన్నెండుమందిని తెచ్చుకున్నారు. చివరికి సంచిలో మిగిలింది 20 లక్షలు. జట్టులో అయిదు ఖాళీలు ఇంకా ఉన్నాయి. కానీ ఆ ఏడాది వేలంలో అందరికంటే తక్కువ మొదటి ధర 30 లక్షలు. అంటే చేతిలో డబ్బు ఉంది, జట్టులో చోటు ఉంది, బయట ఆటగాళ్లు ఉన్నారు, కొనడానికి మాత్రం వీల్లేదు.

ఆ గదిలో ఆఖరు గంటలో పేరు వచ్చిన కుర్రాడి సంగతి ఆలోచించండి. వాడు ‘అమ్ముడుపోలేదు’ అని టీవీలో వస్తుంది. ఇంట్లో అమ్మ చూస్తుంది, వీధి చూస్తుంది. వాడి ఆట బాగాలేక కాదు. వాడి పేరు వచ్చేసరికి సంచులు ఖాళీ.

ధర వేరు, విలువ వేరు

మిచెల్ స్టార్క్ ఆస్ట్రేలియా బౌలరు. 2023 డిసెంబరులో కోల్‌కతా అతణ్ణి 24.75 కోట్లకు పాడుకుంది. 2024 మే 26న ఫైనల్లో మన హైదరాబాదును ఓడించి కోల్‌కతా కప్పు గెలిచింది. ఆ ఫైనల్లో ‘మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్’ అతనే. ఆరు నెలలు తిరగకుండా మళ్లీ వేలానికి వస్తే ఢిల్లీ 11.75 కోట్లకు తీసుకుంది. పని బాగా చేసినవాడి ధర సగానికి పడింది. అతను చెడ్డవాడైపోయాడా? లేదు. మొదటిసారి వచ్చినప్పుడు అలాంటి బౌలర్లు తక్కువ, వెతుక్కునే సంచులు ఎక్కువ. రెండోసారి మార్కెట్టు వేరు.

దీనికి అటువైపు కథ రజత్ పాటీదార్‌ది. 2022 వేలంలో అతన్ని ఎవరూ కొనలేదు. సీజను మొదలయ్యాక బెంగుళూరు జట్టులో ఒకరికి దెబ్బ తగిలితే బదులుగా 20 లక్షలకు పిలిచారు. ఆ మే నెలలో ఎలిమినేటర్ మ్యాచ్‌లో లక్నో మీద 112 పరుగులు చేసి అవుటు కాకుండా నిలిచాడు. 2025లో అదే జట్టుకు కెప్టెన్. పదిహేడేళ్లుగా కప్పు లేని జట్టు ఆ ఏడాది జూన్ 3న కప్పు ఎత్తింది. అదే ఏడాది వేలంలో అందరికంటే ఎక్కువగా 27 కోట్లు పలికిన రిషభ్ పంత్ జట్టు లక్నో ఏడో స్థానంలో ఆగింది. పంత్ గొప్ప ఆటగాడే. కానీ 27 అన్న అంకె అతని గొప్పతనం కొలత కాదు. అతను కావాలనుకున్నవాళ్ల సంచుల కొలత.

కబడ్డీ మన ఆట కాబట్టి ఆ లెక్క కూడా చెబుతాను. ప్రో కబడ్డీ పదో సీజను వేలం 2023 అక్టోబరులో జరిగింది. ఒక్కో జట్టు సంచి 5 కోట్లు. మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ కోసం 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. సంచిలో సగానికి పైగా ఒక్క మనిషికి. పవన్ తన వంతు ఆట ఆడాడు, రైడ్లలో ఎక్కడా లోటు చేయలేదు. కానీ కబడ్డీలో ఏడుగురు కోర్టులోకి దిగాలి. జట్టు 22 మ్యాచుల్లో రెండే గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది అదే పవన్‌ను 1 కోటి 72 లక్షల 50 వేలకు తెచ్చుకున్నారు. 88 లక్షలు మిగతావాళ్లకు మిగిలాయి. ఈసారి పవన్ గాయంతో కొన్ని మ్యాచులు ఆడలేకపోయినా జట్టు ఏడో స్థానానికి వచ్చింది. విజయ్ మలిక్ లాంటివాళ్లు బరువు మోశారు. అట్టడుగు నుంచి ఏడుకు రావడానికి ఇదొక్కటే కారణమని ఆడిటరుగా నేను సంతకం పెట్టను. కానీ సంచిని ఒక్కచోట కుమ్మరిస్తే తక్కిన ఆరుగురి దగ్గర ఏం మిగులుతుందో ఈ పద్దులో కనబడుతుంది.

అమెరికా వాళ్ల పద్ధతి

అమెరికా నుంచి వచ్చిన మన తమ్ముళ్ల పిల్లలు అక్కడ బేస్‌బాల్ ఆడుతున్నారని విన్నాను. వాళ్లకు తెలిసిన సంగతే, ఇక్కడున్నవాళ్ల కోసం చెబుతాను.

అక్కడ కుర్రవాళ్లను వేలం వేయరు. ‘డ్రాఫ్ట్’ అంటారు. జట్లు వరసలో నిలబడి ఒక్కొక్కరినీ ఎంచుకుంటాయి. కుర్రాడు జట్టును ఎంచుకోలేడు. సంతకం పెట్టినందుకు ఒకసారి ఇచ్చే డబ్బును బోనస్ అంటారు. 2012 నుంచి దానికి కూడా తాడు కట్టారు. మొదటి పది రౌండ్లలో వరసలోని ప్రతి చోటుకీ ఒక అంకె రాసి ఉంటుంది. ఒక జట్టుకు వచ్చిన చోట్ల అంకెలన్నీ కూడితే అదే ఆ ఏడాది దాని సంచి. ఒక కుర్రాడికి తన అంకెకన్నా తక్కువ ఇస్తే మిగిలింది ఇంకొకడికి పెట్టుకోవచ్చు. సంచి దాటితే దాటినదాని మీద 75 శాతం పన్ను. అయిదు శాతం మించి దాటితే వచ్చే ఏడాది మొదటి రౌండులో ఎంచుకునే హక్కే పోతుంది. ఎంచుకున్న కుర్రాడు సంతకం పెట్టకపోతే వాడి చోటుకు రాసిన అంకె కూడా సంచిలోంచి పోతుంది.

ఇందులో మనవాళ్ల రక్తం ఉన్న కుర్రాడొకడు ఉన్నాడు. కుమార్ రాకర్. తల్లి భారత సంతతి. 2018లో హైస్కూలు అయిపోగానే కొలరాడో జట్టు అతణ్ణి 38వ రౌండులో ఎంచుకుంది. అతను సంతకం పెట్టలేదు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరి చదువుకుంటూ ఆడాడు. 2019లో డ్యూక్ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో చోటులో ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. తర్వాత వైద్య పరీక్షల మీద అనుమానం వచ్చి జట్టు వెనక్కి తగ్గింది. చేతికొచ్చిన పంట నీళ్లపాలైనట్టే. మన దివిసీమవాళ్లకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

మరుసటి ఏడాది టెక్సాస్ రేంజర్స్ అతణ్ణి ఏకంగా మూడో చోటులో ఎంచుకుంది. ఆ చోటుకు రాసి ఉన్న అంకె 75,87,600 డాలర్లు. రాకర్ 52 లక్షలకు సంతకం పెట్టాడు. రేంజర్స్ సంచిలో దాదాపు 24 లక్షల డాలర్లు మిగిలాయి. ఆ డబ్బు అండతో నాలుగో రౌండులో బ్రాక్ పోర్టర్ అనే హైస్కూలు కుర్రాడికి 37 లక్షల డాలర్లు ఇచ్చారు. నాలుగో రౌండు కుర్రాడికి అంత డబ్బు ఎందుకు ఇచ్చారు? ఎందుకంటే వాడు ‘లేకపోతే నేను కాలేజీకి పోతాను’ అనగలడు. క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో వాడికి చోటు సిద్ధంగా ఉంది. రాకర్‌కు ఆ బలం తగ్గిపోయింది. కాలేజీ వదిలాడు, ఆ వేసవిలోనే చిన్న లీగులో ఆడి వచ్చాడు. ఆట ఎంత గొప్పదైనా తిరిగి వెళ్లడానికి తలుపు లేదు.

అదే డ్రాఫ్టులో ఇంకో రకం కుర్రాళ్లు ఉంటారు. కాలేజీలో నాలుగేళ్లూ పూర్తయినవాళ్లు. వాళ్లకు తిరిగి కాలేజీలో ఆడే అవకాశం ఉండదు. జట్లు అలాంటివాళ్లను పదో రౌండులోపే ఎంచుకుని, ఆ చోటుకు లక్షల డాలర్లు రాసి ఉన్నా, కొన్ని వేల డాలర్లు చేతిలో పెట్టి సంతకం చేయించుకుంటాయి. మిగిలింది కాలేజీకి పోతానన్న హైస్కూలు కుర్రాడికి వెళుతుంది. వీళ్లు ఎందుకు ఒప్పుకుంటారు? వేరే దారి లేదు కనుక.

ఇప్పుడు మన చీటీ పాట గుర్తు చేసుకోండి. కళ్లంలో వడ్లు గుర్తు చేసుకోండి. ఆగగలిగినవాడికి ధర, ఆగలేనివాడికి దొరికిందే ధర. బేరమాడే బలం చేతిలోని ఆటలోనే లేదు, పక్కన ఉన్న రెండో దారిలో కూడా ఉంది. అమెరికాలో ఆ రెండో దారి పేరు కాలేజీ. మన పిల్లలకు ఆ దారి పేరు బడి.

మన పిల్లల లెక్క

ఈ మధ్య నా ఆఫీసుకు ఒక తండ్రి వచ్చాడు. కొడుకు తొమ్మిదో తరగతి, బౌలింగు బాగా వేస్తాడట. ‘ఎకరం అమ్మి పెద్ద ఊళ్లో అకాడమీలో పడేద్దామనుకుంటున్నానండీ, చదువు తర్వాత చూసుకోవచ్చు, పన్ను ఎంత పడుతుందో చెప్పండి’ అన్నాడు. పన్ను సంగతి చెప్పాను. తర్వాత ఒక కాగితం మీద ఇంకో లెక్క వేసి చూపించాను. పది జట్లు, జట్టుకు ఎక్కువలో ఎక్కువ 25 మంది, అంటే 250 చోట్లు. విదేశీయుల్ని తీసేస్తే దేశం మొత్తానికి 170, 180. అవి కూడా ఏటా ఖాళీ కావు. ఆ ఖాళీల కోసం నిలబడ్డ పిల్లలు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ‘మరి నితీశ్ రెడ్డి నాన్న ఉద్యోగం వదిలేశాడు కదండీ’ అన్నాడు.

నిజమే. నితీశ్ తండ్రి ముత్యాల రెడ్డి గారు హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకుని కొడుకు వెంట నడిచారు. 2023కు సన్‌రైజర్స్ ఆ కుర్రాణ్ణి 20 లక్షలకు తీసుకుంది. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో కొడుకు సెంచరీ కొడితే తండ్రి స్టాండులో కన్నీళ్లు పెట్టుకోవడం మనమంతా చూశాం. ఆ తండ్రికి చేతులెత్తి మొక్కాలి. కానీ ఉద్యోగం వదులుకున్న తండ్రులు ఆయన ఒక్కరే కాదు. మిగతావాళ్లను కెమెరా చూపించదు. గెలిచిన చీటీ పాటే పేపర్లో పడుతుంది.

ఇంకో దారిలో వచ్చినవాళ్లను కూడా చూద్దాం. మన కృష్ణా జిల్లాలో పుట్టిన సబ్బినేని మేఘన దేశానికి ఆడింది. దేశవాళీలో రైల్వేస్‌కు ఆడింది. మహిళల ప్రీమియర్ లీగు మొదటి వేలం 2023 ఫిబ్రవరి 13న జరిగితే గుజరాత్ 30 లక్షలకు తీసుకుంది. మన దేశంలో ఆడపిల్లల క్రికెట్టును దశాబ్దాల పాటు మోసింది రైల్వే ఉద్యోగమే. వేలం లేని రోజుల్లో వాళ్లకు అదే అన్నం, అదే ధైర్యం. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2024 డిసెంబరు వేలంలో 55 లక్షలకు ఢిల్లీ జట్టుకు వెళ్లింది. ఏడాది తిరగకుండా 2025 నవంబరు 2న ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో నిలబడింది. ఆ నెలలోనే జరిగిన వేలంలో ధర 1.30 కోట్లయింది. మనమంతా పొంగిపోయాం. ఆ పిల్ల చెయ్యి తిప్పుతున్న స్పిన్ 55 లక్షలప్పుడు కూడా అదే అని మాత్రం మరిచిపోకూడదు.

మన సంచి

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మన సంఘానికి కూడా ఒక సంచి ఉంది. స్వర్ణోత్సవ నిధి. కార్యవర్గం ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయని మీ అందరికీ తెలుసు. ఒకటి, గేటు దగ్గర పెద్ద స్వాగత తోరణం. రెండోది, క్రీడల్లో మెరిక లాంటి ఒక్క విద్యార్థిని ఎంచుకుని పూర్తి ఖర్చు భరించి పెద్ద అకాడమీకి పంపడం. రెండూ మంచి మనసుతో వచ్చినవే. తోరణం గురించి నేను మాట్లాడను, దాని మీద మా బ్యాచిలోనే రెండు పార్టీలున్నాయి. రెండో దాని మీద ఒక సవరణ పెడుతున్నాను.

ఒక్కరి మీద సంచి కుమ్మరించవద్దు. టైటాన్స్ పద్దు చూశాం కదా. దానికన్నా పెద్ద కారణం ఇంకోటుంది. మనం ఎంచుకున్న ఆ ఒక్కడి మీద మోకాలి దెబ్బంత బరువు పెడుతున్నాం. పదిహేనేళ్ల పిల్లాడు ఊరి అప్పు భుజాన వేసుకుని బౌలింగు వేయాలి. అది వాడికి మేలు కాదు.

నా సవరణ ఇది. నిధి అసలు ముట్టుకోకుండా, ఏటా వచ్చే వడ్డీని ఆటల్లో ఉన్న పిల్లలందరి రెండో దారికి ఖర్చు పెడదాం. టోర్నమెంట్లకు వెళ్లి పాఠాలు పోగొట్టుకున్న పిల్లలకు సాయంత్రం క్లాసులు. అకాడమీలో చేరినవాళ్లు చదువు మానకుండా ఓపెన్ స్కూల్లో పది, ఇంటరు కట్టడానికి ఫీజులు. దెబ్బ తగిలితే చూపించుకోవడానికి బీమా. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు కావలసిన సర్టిఫికెట్లు ఏ ఏడాదివి ఆ ఏడాదే సరిచేసి దాచిపెట్టే ఫైలు. ఆఖరిది వినడానికి చిన్నది. కానీ జిల్లా స్థాయిలో ఆడి కూడా కాగితం లేక కోటా పోగొట్టుకున్నవాళ్లను నా ఆఫీసులో నేనే చూశాను.

డబ్బు కాకుండా ఇంకో రెండు కావాలి. మన డాక్టర్ల బ్యాచి ఏడాదికి ఒకసారి ఆ పిల్లల భుజాలు, మోకాళ్లు చూడాలి. రాకర్‌కు వైద్య పరీక్షల మీద వచ్చిన అనుమానం అరవై లక్షల డాలర్ల ఖరీదు చేసింది. మనవాళ్లకు అది ముందే తెలియాలి. ఇక నా వంతు. అకాడమీ గాని, ఏజెంటు గాని, జట్టు గాని ఈ బడి పిల్లల ముందు ఏ కాగితం పెట్టినా, సంతకానికి ముందు నా దగ్గరకు పంపండి. ప్రతి లైనూ చదివి, తెలుగులో ఇంట్లోవాళ్లకు చెబుతాను. ఫీజు లేదు. నా తర్వాత నా జూనియర్లు చేస్తామని మాట ఇచ్చారు.

గురువులకు ఒక్క విన్నపం. గుడివాడ ఎన్‌టీఆర్ స్టేడియంకో, బందరు హిందూ కాలేజీ గ్రౌండుకో సెలక్షన్లకు వెళ్లిన పిల్లాడు మర్నాడు తల వంచుకుని క్లాసుకు వస్తే, వాణ్ణి ‘ఏరా, ఎంపికయ్యావా’ అని ముందు అడగకండి. ‘నిన్నటి పాఠం రాసుకో’ అనండి. సన్‌రైజర్స్ 30 లక్షలకు, అంటే అట్టడుగు ధరకు, తీసుకున్న అనికేత్ వర్మ అనే కుర్రాడు 2025 మార్చి 30న మన విశాఖలోనే ఢిల్లీ మీద 41 బంతుల్లో 74 కొట్టాడు. ఆ ధర దగ్గరే ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. మన క్లాసులో కూర్చున్నవాడు ఈ ఇద్దరిలో ఎవరో మనకు తెలియదు, వాడికీ తెలియదు. వాడి పాఠం మాత్రం ఇద్దరికీ పనికొస్తుంది.

పిల్లలూ, వెనక వరసలో నిలబడి వింటున్నారు కదా, మీకు చివరి మాట. ఆడండి, గట్టిగా ఆడండి. మిమ్మల్ని ఆట మానమని ఈ వేదిక మీద ఎవరూ చెప్పరు. రేపు ఎవరో మీకొక ధర చెబుతారు. అది పెద్దదైతే పొంగిపోకండి, చిన్నదైతే కుంగిపోకండి. ఆ అంకె మీ గురించి చెప్పేదానికన్నా వాళ్ల సంచి గురించే ఎక్కువ చెబుతుంది. ఆ అంకె నచ్చకపోతే ‘వద్దండీ’ అని లేచి రాగలిగేలా మీ పక్కన ఒక దారి ఉంచడం మా పని. అందుకే ఈ సంఘం.

నా సవరణ మీద సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఓటు ఉంది. భోజనం చేసి నిద్రపోకుండా రండి.